మంట ఆరింది... మరి పొగ?

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. నిజమే. కాని నిప్పు ఆరిపోయిన తర్వాత కూడా పొగ ఇంట్లోనే కాపురం ఉంటుందని మాత్రం వాళ్ళు చెప్పలేదు. ఆ సంగతి నాకు మా తమ్ముడి ఇల్లు నేర్పింది. నేర్పడానికి ముందు నా చేత ఒక పొరపాటు కూడా చేయించింది. డాక్టరమ్మ అయ్యుండి పొరపాటు చేసిందా అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ పొరపాటు మీరు చేయకుండా ఉంటే నాకదే చాలు.

మాది కర్నూలు జిల్లా కోడుమూరు. హంద్రీ ఒడ్డున ఉన్న ఊరు. పడమరగా పోతే ఎమ్మిగనూరు, అది దాటితే ఆదోని. ఆదోని అంటే పత్తి. ఎమ్మిగనూరు అంటే 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘం. మా కోడుమూరులో నేసే చీరలను బజారులో గద్వాల చీరలని అడుగుతారు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. మా నాయన ఆ చీరలు నేసే నన్ను చదివించాడు. నేను కర్నూలులో ప్రాక్టీసు పెట్టుకున్నాను. తమ్ముడు ఇంటి మగ్గం మీదే ఉండిపోయాడు.

రెండేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో ఒక రాత్రి వాళ్ళింట్లో కరెంటు తీగలు కలిసి నిప్పంటుకుంది. మగ్గం ఉన్న గదిలో కాదు, పక్క గదిలో. పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, బీరువాలో బట్టలు కాలిపోయాయి. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. మగ్గం గదిలోకి మంట రాలేదు, పొగ మాత్రం వచ్చింది.

మర్నాడు పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మనుషులకేం గాలే. మగ్గం గూడ నిలబడింది. నూలే, అంతా పొగకంపు కొడ్తాంది. సాంబ్రాణి ఎయ్యమంటాంది అమ్మ. ఎయ్యమంటావా?"

బయట రోగులు వరసగా కూర్చుని ఉన్నారు. నేను ఆలోచించలేదు. "వెయ్యండి, మంచిదే" అనేశాను.

వేశారు. తలుపులు మూసి మరీ వేశారు, వాసన బాగా పట్టాలని. ఆ రాత్రి రెండు గంటలకు మళ్ళీ ఫోన్. తొమ్మిదేళ్ళ మా మేనల్లుడికి చిన్నప్పటి నుంచి కాస్త ఉబ్బసం ఉంది. వాడికి ఊపిరి అందడం లేదు. 108లో కర్నూలు తెచ్చారు. నెబులైజరు పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి, తెల్లవారేసరికి కుదుటపడేటట్లు చేశాం. కళ్ళు తెరిచి వాడు నన్ను అడిగిన మొదటి మాట ఇది: "అత్తా, ఇల్లు ఇంకా కాల్తాండాదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు మాట రాలేదు. ఎందుకంటే పిల్లవాడి ఊపిరితిత్తుల లెక్కలో ఆ ఇల్లు ఇంకా కాలుతూనే ఉంది. దాని మీద మరో పొగ వెయ్యమని చెప్పింది నేనే.

వాసన అంటే ఏమిటి?

పొగ వాసనను మనం గాలిలో తేలే ఒక చెడ్డ వాసనగానే అనుకుంటాం. అది ఉత్త వాసన కాదు. కంటికి కనిపించని మసి రేణువులూ, వాటికి అంటుకున్న రసాయనాలూ కలిసి మన ముక్కుకు చేసే హెచ్చరిక అది. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. మసిలో ఎక్కువ భాగం రెండున్నర మైక్రాన్ల కంటే చిన్నది. అంత చిన్నది కాబట్టే ముక్కులో, గొంతులో ఆగక ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. అంత చిన్నది కాబట్టే నూలు పోగుల సందుల్లోకి కూడా దూరి కూర్చుంటుంది.

పైగా ఈనాటి ఇంట్లో కాలేది కట్టె ఒక్కటే కాదు. కరెంటు తీగల మీది ప్లాస్టిక్ కాలితే ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఫోము పరుపు కాలితే, ఆ మాటకొస్తే పట్టూ ఉన్నీ కాలినా, సయనైడు జాతి విషవాయువు పుడుతుంది. ఆ వాయువులు గంటల్లో చెదిరిపోతాయి కాని, ఆమ్లపు మసి వస్తువుల మీద ఉండిపోతుంది. పొగ పట్టిన జరీ నల్లబడడానికీ, ఇనుప సామాను వారంలో తుప్పు పట్టడానికీ అదే కారణం.

1775లోనే ఇంగ్లండులో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు ఒక సంగతి కనిపెట్టాడు. చిన్నప్పటి నుంచి పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళకు ఒక రకం చర్మపు క్యాన్సరు ఎక్కువగా వస్తోందని, దానికి కారణం ఒంటికి పట్టిన మసి అని చెప్పాడు. నాలుగు రోజులు పొగ వాసన పీలిస్తే క్యాన్సరు వస్తుందని నేననడం లేదు, భయపడకండి. కాని ఏళ్ళ తరబడి నూలు దుమ్ము పీల్చిన నేతగాడి ఛాతీ మీద మసి బరువు కూడా పెట్టడం తెలివైన పని కాదు.

మొదట మనుషులు, తర్వాతే నూలు

పొగలో చిక్కుకున్నవాళ్ళను ఆ రాత్రి బాగున్నారని వదిలేయకండి. పొగ చేసే చెరుపు కొన్ని గంటలకు, ఒక్కోసారి ఒక రోజు దాటాక కూడా బయటపడుతుంది. తలనొప్పి, వాంతి, మత్తు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, కఫంలో నలుపు... వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పిల్లలు, ముసలివాళ్ళు శుభ్రం చేసే పనికి దూరంగా వేరే ఇంట్లో ఉండాలి. నేను చేసిన మొదటి దిద్దుబాటు అదే. పిల్లవాణ్ణీ మా అమ్మనూ నా దగ్గరే ఉంచుకున్నాను. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మగ్గాన్ని విడిచి ఉండడం ఆమెకు అలవాటు లేదు.

ఆదివారం నేనే కోడుమూరు వెళ్ళాను. నేను పోయేసరికి మా మరదలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని చీపురుతో మసి ఊడుస్తోంది. రెండూ తప్పే. తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతుంది గాని మసిని ఆపలేదు. కరోనా రోజుల్లో మనందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు కావాలి, అదీ ముక్కు పక్కన సందు లేకుండా పెట్టుకోవాలి. ఇక పొడి చీపురు కింద పడిన మసిని మళ్ళీ గాలిలోకి లేపుతుంది. నేలనూ గోడలనూ తడిగుడ్డతోనే తుడవాలి. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ఇంటి కప్పు సిమెంటు రేకులైతే మరీ జాగ్రత్త. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వేడికి పగిలిన ముక్కలను నీళ్ళు చల్లి తడిపి, విరగ్గొట్టకుండా సంచిలో కట్టి తీసివేయాలి.

ఏదైనా పారేసే ముందు ఫోటో తీసి ఉంచుకోండి. నష్టపరిహారానికో, బీమాకో అడిగినప్పుడు అదే సాక్ష్యం.

మూడు కుప్పలు

నూలూ పట్టూ అంతా పెరట్లో వేపచెట్టు కిందికి తెచ్చి మూడు కుప్పలు చేశాం. కాలినవి, కరిగినవి, ఫైరింజను నీళ్ళకు తడిసి బూజు పట్టినవి ఒక కుప్ప. అవి పారేయవలసినవే. తడిసిన నూలుకు ఒకటి రెండు రోజుల్లోనే బూజు వస్తుంది. గంజి పెట్టిన నూలైతే ఇంకా తొందరగా వస్తుంది. కంటికి మసి కనిపించేవి రెండో కుప్ప. కంటికి శుభ్రంగా ఉండి వాసన మాత్రం ఉన్నవి మూడో కుప్ప.

రెండో కుప్పతో అందరూ చేసే తప్పు వెంటనే నీళ్ళలో ముంచడం. అలా చేయకండి. తడి తగిలిన మసి సిరాలాగా పోగులోకి దిగిపోతుంది. ముందు పొడిగానే మసిని తీయాలి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేటట్టు నిలబడి, మెత్తని బ్రష్షుతో ఒకే దిక్కుగా, అదిమి రుద్దకుండా దులపాలి. మెత్తని మూతి ఉన్న వాక్యూమ్ క్లీనరు దొరికితే మరీ మంచిది.

తర్వాత గాలి. ఖర్చు లేని మందు ఇదే. చిలపలను విడదీసి తాళ్ళ మీద వదులుగా వేలాడదీయాలి. రోజుకు రెండుసార్లు తిరగేయాలి. ఎండలో కాదు, నీడలో. మా వైపు ఏప్రిల్ ఎండ పడితే వాసన పోతుందేమో గాని, రంగు వెలుస్తుంది, పట్టు పచ్చబడి పెళుసెక్కుతుంది. రాత్రి మంచు పడకుండా లోపల పెట్టాలి. ఓపికగా వారం పది రోజులు. మూడో కుప్పలో సగం వస్తువులకు ఇదే సరిపోతుంది.

ఉతకడం ఎలా?

నూలుకు చన్నీళ్ళు, చారెడు సబ్బుపొడి కాదు, కొద్దిగా మెత్తని ద్రవపు సబ్బు. వేడినీళ్ళు మసి మరకను గట్టిపరుస్తాయి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే బట్టలసబ్బు నురగ రాక పోగుల మీద తెట్టు కడుతుంది, ఆ తెట్టు మళ్ళీ వాసనను పట్టి ఉంచుతుంది. రంగు నూలైతే ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఉతకవద్దు. చివరిసారి జాడించే బకెట్టు నీళ్ళలో అరకప్పు వెనిగర్ కలిపితే వాసన తగ్గుతుంది. ఆ వెనిగర్ వాసన ఆరాక ఉండదు.

పట్టుకు మన కుంకుడు రసం చక్కగా పనికివస్తుంది. తెల్లపట్టుకు మాత్రం కాస్త రంగు పట్టించవచ్చు, చూసి వాడండి. పట్టును పిండకూడదు, పొడిగుడ్డలో చుట్టి అద్దాలి. చాకలిసోడా, బ్లీచింగు పట్టుకు శత్రువులు. బ్లీచింగు పట్టుదారాన్ని తినేస్తుంది. జరీని అసలు తడపవద్దు. పొడి మెత్తటి గుడ్డతో అద్ది, గాలికి పెట్టాలి.

ఒక హెచ్చరిక. బ్లీచింగునూ వెనిగర్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. పొగ నుంచి తప్పించుకున్నవాళ్ళు దాని పాలబడతారు.

తడపరాని వస్తువులకు మరో దారి ఉంది. పెద్ద ట్రంకుపెట్టెలో వాటిని వదులుగా సర్ది, గిన్నెల్లో తినే సోడా పోసి వాటి మధ్య పెట్టి మూత వేయాలి. సోడా వస్తువుకు తగలకూడదు, ముఖ్యంగా పట్టుకు, జరీకి. మూడు నాలుగు రోజులకోసారి సోడా మార్చాలి. యాక్టివేటెడ్ చార్‌కోల్ దొరికితే ఇంకా బాగా లాగుతుంది. మన పొయ్యి బొగ్గు కూడా కొంత లాగుతుంది గాని అంత కాదు. జకార్డు అట్టలనూ డిజైను కాగితాలనూ మేం ఇలాగే బాగుచేశాం. మధ్య మధ్య తెల్లకాగితాలు పెట్టాం. వార్తాపత్రికలు పెడితే వాటి సిరా అంటుకుంటుంది.

మగ్గం కర్రలను సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచి ఆరబెట్టాం. పన్నె ఇనుప పళ్ళను తుడిచి పలుచగా నూనె పూశాం. మగ్గం గుంతను మరిచిపోయేవాళ్ళం. మసి బరువుగా దిగి అక్కడే చేరుతుంది, నేతగాడి కాళ్ళు రోజంతా అక్కడే ఉంటాయి. దాన్ని తడిగుడ్డతో తుడిచి, పైమట్టి ఒక పొర తీసేశాం.

ఇక నాడె సంగతి. కండె మార్చినప్పుడు నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చే అలవాటు కొందరికి ఉంది. మా అమ్మకూ ఉంది. మిల్లుల్లో రోగాలు అంటుతాయని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే ఇలాంటి నాడెలను నిషేధించింది. పొగ పట్టిన దారాన్ని పీలిస్తే మసి నేరుగా గొంతులోకే. సన్నని కొక్కెంతో లాగండి, నోరు పెట్టవద్దు.

కప్పిపుచ్చే మందులు

సాంబ్రాణి, అగరొత్తులు, నాఫ్తలీన్ ఉండలు, అత్తరు, గదుల్లో చల్లే సెంట్లు. ఇవేవీ వాసనను తీయవు, దాని మీద మరో వాసన కప్పుతాయి. సాంబ్రాణి పొగ కూడా పొగే. దేవుడి ముందు వేసే చిటికెడు వేరు, తలుపులు మూసిన గదిలో నిప్పుల మీద గుప్పెళ్ళు పోయడం వేరు. ఈ మధ్య ఓజోన్ యంత్రాలని అమ్ముతున్నారు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రంగులనూ రబ్బరునూ పాడు చేస్తుంది. ఇంట్లో వాడవద్దని నా సలహా. పొగ పట్టిన గుడ్డను ఇస్త్రీ కూడా చేయకండి, వేడికి మసి అతుక్కుపోతుంది.

వాసన పోయిందో లేదో మీ ముక్కును నమ్మకండి. కొద్ది నిమిషాలు ఒకే వాసనలో ఉంటే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుంది. ఒక చిలపను శుభ్రమైన స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ ఇంట్లో ఉండని మనిషి చేత మూత తీయించి చూపించండి. వాన ముసురు రోజున మళ్ళీ ఒకసారి చూపించండి. గాలిలో తేమ పెరిగితే దాగిన వాసన బయటికి వస్తుంది.

మీ కుట్టుపెట్టె సంగతి

మగ్గాలు లేనివాళ్ళు ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. మీ ఇంట్లో ఉన్ని ఉండలుంటాయి, ఎంబ్రాయిడరీ దారాలుంటాయి, లేసులు, పూసలు, రంగుకాగితాలు ఉంటాయి. గాజు పూసలు, బొత్తాలు, సూదులు, కత్తెరలు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే సరి. ఉన్నిని పట్టులాగే చూడాలి. ఉండలను విప్పి చిలపలుగా చుట్టి గాలికి వేయాలి, ఉండ లోపల గాలి ఆడదు. స్పాంజి, థర్మోకోల్, ఫోము షీట్లు, జిగురు సీసాలు, వేడి తగిలిన రంగుల డబ్బాలు దాచుకోకండి. అవి పొగను విడవవు. వాటి ఖరీదు మీ పిల్లల మందుల ఖర్చు కంటే తక్కువే.

మిగలనిది

చిలపల నూలు చాలావరకు దక్కింది. మగ్గం దక్కింది. దక్కనిది ఒకటుంది. మంటలు వచ్చిన రాత్రికి మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఆదోనిలో ఒక పెళ్ళికని సావుకారు బయానా ఇచ్చిన చీర. గంజి పెట్టిన పడుగు కాబట్టి మగ్గం మీద తడపడానికి వీల్లేదు. పన్నెండు రోజులు గాలికి పెట్టినా డబ్బా పరీక్షలో ఓడిపోయింది. జరీ కూడా అక్కడక్కడా మసకబారింది.

తమ్ముడికి మనసొప్పలేదు. "అక్కా, నేసేస్తా. మడతల్లో కాస్త సెంటు కొడ్తే ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. ఆ డబ్బు వాడికి ఎంత అవసరమో నాకు తెలుసు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా, అప్పుడే ఊరికి తిరిగి వచ్చిన మా అమ్మ కత్తెర తీసుకుంది.

"పెండ్లిపిల్ల ఒంటి మీద కట్టేదప్పా అది. పీటల మీద చెమట పోసినప్పుడు ఆ కంపు లేస్తే ఆ పిల్ల తలెట్ల ఎత్తుకోవల్ల? నేసేటప్పుడు నువ్వు పీల్చేది ఎవురి ఊపిరి?" అని, పడుగు మీద కత్తెర వేసింది. తన పెళ్ళినాటి నుంచి ఆ ఇంట్లో పడుగు తెగితే అతికిందే తప్ప, కోసింది అదే మొదటిసారి.

తమ్ముడు సావుకారు దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన మాట్లాడకుండా విని, పెళ్ళివాళ్ళకు వేరే చీర చూపించి, బయానా తర్వాతి చీరలో పట్టుకుంటానన్నాడు. ఆ నష్టం తీరడానికి తమ్ముడికి నాలుగైదు నెలలు పట్టింది.

కొత్త పడుగు ఎక్కించిన రోజు పిల్లవాణ్ణి తీసుకుని కోడుమూరు వెళ్ళాను. వాడు గుమ్మంలోనే ఆగాడు. మా అమ్మ స్టీలు డబ్బా తెచ్చి వాడి చేతికిచ్చింది. మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, "జేజీ, గంజి వాసనొస్తాంది" అన్నాడు.

ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టాడు.

మీ ఇంటికి ఇలాంటి ఆపద ఎన్నడూ రాకూడదనే కోరుకుంటాను. ఒకవేళ వస్తే, మంట ఆరగానే అంతా అయిపోయిందనుకోకండి. వాసన వస్తున్నంతసేపూ పని మిగిలి ఉందని గుర్తు. దాన్ని కప్పకండి, ఓపికగా తీసేయండి. తీయలేనిదాన్ని వదిలేయండి. నూలు మళ్ళీ తెచ్చుకోవచ్చు.